నాలుగు సాక్షి సాళ్ళు

కొలబద్ద ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఊపిరి ఖర్చయ్యే మాట కాదు, నోటి ముత్యాలు రాలిపోయే మాట కాదు. చెప్పలేదు. అందుకే ఎవరు పలకరించినా, వాన గురించి అడిగినా, మోకాలి నొప్పి గురించి అడిగినా, కాగితాలాయన తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగుతాడు: "ఆ కొలబద్ద నా కొంప ముంచాడయ్యా."

కొలబద్ద అంటే పరిశోధన కేంద్రం నుంచి వచ్చే ఉద్యోగి. చంకలో ఎప్పుడూ ఒక మీటరు చెక్క. మొక్క ఎత్తు కొలుస్తాడు, సాళ్ళ మధ్య ఎడం కొలుస్తాడు, ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఆ మాటల పొడుగు కూడా కొలుస్తున్నట్టే చూస్తాడు. ఇక కాగితాలాయనకి ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన రేకు పెట్టెలో కరెంటు బిల్లులు, ఎరువుల రసీదులు, పద్దెనిమిదేళ్ళ కిందటి బస్సు టికెట్టుతో సహా భద్రంగా ఉన్నాయి. ఐదో తరగతితో బడి మానేసినవాడికి కాగితమంటే ఉండే భయం పెద్ద చదువులు చదివినవాడికి ఉండదు. చదివినవాడు అదే కాగితాన్ని మడిచి పళ్ళ సందులు గీరుకుంటాడు.

జరిగిందంతా ఆరు రోజుల్లో జరిగిపోయింది.

మొదటి రోజు పొద్దున ఆయన పల్లపు గట్టు వార వంగి, బంగాళాదుంప ఆకుల్ని ఒక్కొక్కటే తిరగేసి చూస్తున్నాడు. అప్పటికి రెండు రోజులుగా ముసురు. అది వాన అనడానికి లేదు, మంచు అనడానికీ లేదు. ఆకాశం ఎవరో తడిగుడ్డ పరిచి తీయడం మర్చిపోయినట్టుంది. గట్టు పక్క రెండో సాలులో ఒక ఆకు అంచున, వేడి నూనె చిట్లి పడ్డట్టు నల్లటి మచ్చ కనపడింది. ఆకు తిరగేస్తే మచ్చ చుట్టూ తెల్లటి నూగు. వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడు తెగులు.

గుండె జారాల్సింది పోయి, ఆయన మొహం విప్పారింది. ఎందుకంటే తెగులు రావలసిన చోటికే వచ్చింది.

ఆయనకున్న ఎకరన్నరకీ ఈసారి కొలబద్ద ఇచ్చిన మందే కొడుతున్నాడు. మందంటే విషం కాదు, ప్రాణమున్న మందు. సీసాల్లో గోధుమరంగు నీళ్ళు, మూత తీస్తే పులిసిన పిండి వాసన. "పాలల్లో తోడు వేస్తారు చూడండి, అలాంటిదే ఇది," అన్నాడు కొలబద్ద మొదటిసారి వచ్చినప్పుడు. "కంటికి కనపడని మంచి సూక్ష్మజీవులు. ఆకు మీద ముందే కాపురం పెట్టేస్తాయి. తెగులు వచ్చేసరికి దానికి చోటుండదు. బస్సులో ముందెక్కి కూర్చున్నవాణ్ణి వెనకొచ్చినవాడు లేపలేడు కదా." ఆ మనిషి నోట హాస్యం వినపడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ జీవాలకి మర్యాదలెక్కువ. వారానికోసారి, ఎండ దిగాకే కొట్టాలి. బావి నీళ్ళతోనే కలపాలి. కుళాయి నీళ్ళలో వేసే క్లోరిన్ తగిలితే చస్తాయి. మైలుతుత్తం కొట్టిన పాత పంపులో పోసినా చస్తాయి. అందుకని కొత్త పంపు కూడా కేంద్రం వాళ్ళే ఇచ్చారు. సీసాలు వేడెక్కకుండా ఆయన బావి పక్కన గుంట తీసి, తడిగోనె కప్పి దాచేవాడు.

"నాకు చలేస్తుంటే దుప్పటి మొత్తం నువ్వే లాక్కుంటావు, ఆ సీసాలకి మాత్రం పూటకోసారి గోనె సర్దుతావు," అని భార్య దెప్పేది.

"అవి ప్రాణమున్నవే."

"నేను పీనుగనా?"

ఒక్కటే చిక్కు షరతు. నాలుగు సాళ్ళకి మాత్రం ఏ మందూ కొట్టకూడదు. కొట్టినదానికీ కొట్టనిదానికీ తేడా చూపించాలి కాబట్టి అవి సాక్షి సాళ్ళు. నాటే రోజున కొలబద్ద పుస్తకం తెరిచి, "మీ పొలంలో మంచు ఎక్కువసేపు నిలిచేది ఎక్కడండీ?" అని అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక ఉద్యోగి ఆయన్ని ప్రశ్న అడిగి, ఆయన చెప్పిన జవాబు రాసుకోవడం అదే మొదటిసారి. ఆయన పొంగిపోయాడు. "ఈ పల్లపు గట్టు వార సార్. బారెడు పొద్దెక్కినా ఇక్కడ ఆకు తడి ఆరదు," అన్నాడు. కొలబద్ద చెక్క పెట్టి కొలిచి, నాలుగు సాళ్ళ చివర్లలో ఎర్ర జెండాలు పాతాడు.

గట్టుకి అవతలి పొలం ఆయన సొంత అన్నగారిది.

ఆ రోజే కొలబద్ద సంతకం పెట్టించిన ఒప్పందం కాగితాన్ని ఆయన రేకు పెట్టెలో వేయలేదు. మైదాపిండి ఉడికించి, వంటింటి గుమ్మం పక్క గోడకి నాలుగు మూలలూ లేవకుండా అంటించాడు. రోజూ భోజనానికి కూర్చునే ముందు దాన్ని వేలు పెట్టి కూడబలుక్కునేవాడు. నాలుగు: సాక్షి సాళ్ళకు మందు కొట్టరాదు, వాటిని తాకరాదు. ఐదు: సీసాలు ఇతరులకు ఇవ్వరాదు. ఆరు: షరతు తప్పిన రైతును ఇకపై ఏ ప్రయోగానికీ తీసుకోరు. ఈ ఆరోది చదివేటప్పుడు గొంతు తగ్గేది. పంట నిలబడితే వచ్చే ఏడు ఈ మందు ఇక్కడే తయారుచేసే షెడ్డు వేస్తామనీ, తాళంచెవి మీ చేతుల్లోనే ఉంటుందనీ కొలబద్ద అన్నాడు. ఆయన నడుముకి ఆ తాళంచెవి అప్పుడే వేలాడుతున్నట్టుండేది.

"ఏంరా, దుంప తవ్వకముందే నవ్వుతున్నావ్?"

గట్టు మీద అన్న నిలబడి ఉన్నాడు. తల మీద గోనెసంచి ముసుగులా వేసుకున్నాడు. ఆయన చేతిలో ఆకు చూసి, గట్టు దిగి, లాక్కుని తిరగేశాడు. గోనె కింద మొహం గోనె రంగుకి తిరిగింది.

"పీకెయ్," అన్నాడు.

"ఏంటి?"

"ఈ నాలుగు సాళ్ళూ. ఇప్పుడే. నేనూ ఓ చెయ్యి వేస్తా. పీకి గుంటలో పూడ్చేద్దాం."

"పీకకూడదన్నా. కాగితంలో ఉంది."

"కాగితానికి కళ్ళున్నాయట్రా? నా చేను ఇక్కడికి మూడు బారలు! నాది తిండి దుంప కాదు, విత్తనం దుంప. ఒక్క మచ్చ పడ్డా ఐసుగడ్డ తీసుకోడు."

ఐసుగడ్డ అంటే కోల్డ్ స్టోరేజీ యజమాని. పేరు పెట్టినవాడికి దణ్ణం పెట్టాలి. పలకరిస్తే చల్లగా ఉంటాడు, పట్టుకుంటే చెయ్యి అంటుకుపోతుంది. అన్నకి విత్తనం, మందులు అన్నీ వాడే ఇచ్చి, పంట తేడా వస్తే బావి చెక్క తనదేనని రాయించుకున్నాడు. బావి చెక్కంటే బావి ఉన్న నలభై రెండు సెంట్ల నేల. పంపకాల్లో ఆ చెక్క అన్నకి వచ్చినా, బావి నీళ్ళు ఇద్దరివీ. అన్నదమ్ముల పంటలకి ఆ నీళ్ళే ఆధారం.

"ఆగు, ఆయన్నే అడుగుతా," అని కాగితాలాయన ఫోను తీశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మూడోసారి కట్ చేశారు.

"మీటింగులో ఉన్నట్టున్నాడు."

"తెగులు మీటింగులో లేదురా," అన్నాడు అన్న. చేతిలో ఆకుని నేల మీద వేయకుండా, జేబులో పెట్టుకుని, గట్టెక్కి వెళ్ళాడు. తన పొలంలో ఆకు ఒక్కటి కూడా రాలకూడదన్నట్టు జేబు మీద చెయ్యి అదిమి పట్టుకుని నడిచాడు.

ఆ మధ్యాహ్నం అన్న తన పంపు వీపున కట్టుకుని విషం మందు కొట్టాడు. అరగంట కాకముందే ముసురు కాస్తా చినుకైంది. ఆకుల మీద నుంచి మందు పాలనురగలా జారి సాలులో పడుతుంటే, అన్న పంపు దించకుండా, వాన వంక చూస్తూ నిలబడ్డాడు. కాగితాలాయన ఇవతలి నుంచి చూశాడు. తన చేనుకి నాలుగు రోజుల కిందటే మందు పడింది. అప్పుడు ఆకు ఆరి ఉంది, జీవాలు ఆకుని పట్టుకునే ఉంటాయి. లోపల ఎక్కడో సంతోషమేసింది. వెంటనే ఆ సంతోషాన్ని చూసి సిగ్గేసింది. కానీ సిగ్గు వల్ల సంతోషమేమీ తగ్గలేదు.

రెండో రోజు వదిన వచ్చింది. వచ్చిందే తడవుగా గుమ్మంలో కూర్చుని, తోడికోడలు ఇచ్చిన టీ తాగకుండా, గ్లాసు చుట్టూ రెండు చేతులూ చుట్టి పట్టుకుంది.

"మరిదీ, నీకెన్ని సీసాలు మిగిలాయి?"

"నాలుగు వదినా."

"ఒకటి ఇయ్యి."

ఆయన గోడ వైపు చూశాడు. వదిన కూడా చూసింది. ఆమెకి అక్షరమ్ముక్క రాదు. గోడ మీద తెల్లకాగితం, దాని మీద చీమల బారు, అంతే.

"ఇప్పుడు కొట్టినా పనికిరాదు వదినా. తెగులు రాకముందు కొట్టాలి దాన్ని."

"మా చేలో ఇంకా రాలేదు. పొద్దున వంగి ప్రతి సాలూ చూసొచ్చా. నడుం పడిపోయింది."

"లెక్క రాసుకుంటారు వదినా. ఖాళీ సీసాలు కూడా తిరిగి ఇచ్చెయ్యాలి."

"ఖాళీ సీసా నేను కడిగి తెచ్చిస్తాగా."

"కడగకూడదు," అన్నాడు ఆయన. ఆ మాట ఎంత తెలివితక్కువగా ఉందో అన్నాక తెలిసింది.

వదిన లేచింది. గ్లాసు గుమ్మం మీద పెట్టింది. "నీ పెళ్ళికి ముందు నీకు జ్వరమొస్తే, డాక్టరు చీటీ లేకుండానే కషాయం పోశాను కదా మరిదీ," అంది నవ్వుతూనే. "చీటీ అడిగుంటే బాగుండేదేమో."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా భార్య గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత గ్లాసు తీసి, చల్లారిన టీ దొడ్లో పారబోసి, గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. అంతకు ముందెప్పుడూ గిన్నెలు అంత చప్పుడు చేయలేదు.

మూడో రోజు ఫోను ఎత్తాడు కొలబద్ద. వెనకాల మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. ఎక్కడో పెద్ద ఊళ్ళో శిక్షణలో ఉన్నాడట.

"సార్, సాక్షి సాళ్ళలో తెగులొచ్చింది."

"వచ్చిందా! చాలా సంతోషం. ఫొటో తీశారా?"

"తీశా సార్. పక్కన మా అన్న చేనుంది. పీకెయ్యమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

"కాగితంలో ఉన్నట్టు చెయ్యండి. అంతా అందులోనే ఉంది. నేను శనివారం వస్తాను," అని పెట్టేశాడు.

ఆయన గోడ ముందు నిలబడి, ఒకటి నుంచి ఆరు దాకా మళ్ళీ చదివాడు. పొడి అక్షరాల మీద వేలు తడిగా ఆడింది. తాకరాదు. ఎంత చదివినా తాకరాదనే ఉంది.

అన్న గట్టు మీదకి వచ్చినప్పుడు, "ఆయన కూడా కాగితం ప్రకారమే అన్నాడన్నా," అని చెప్పాడు. అన్న వెనక్కి తిరిగి తన చేలోకి దిగాడు. తిట్టి ఉంటే బాగుండేది. అన్నదమ్ములన్నాక తిట్టుకోవడానికి వెయ్యి ఉంటాయి. అన్న ఒక్కటీ తీయలేదు. రాత్రికి రాత్రి ఆ నాలుగు సాళ్ళూ పీకేస్తే అడిగేవాడెవడు? అన్న పీకలేదు. తమ్ముడి చేలో తమ్ముడు వద్దన్న మొక్క మీద చెయ్యి వేసే రకం కాదు. అదే ఆయన్ని ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

నాలుగో రోజుకి సాక్షి సాళ్ళు నాలుగూ ఉడకబెట్టిన ఆకుకూరలా ఒరిగిపోయాయి. ఆ వాసన మొదట సాళ్ళ దగ్గరే ఉండేది, తర్వాత గట్టెక్కింది. మధ్యాహ్నం అన్న చేలో గట్టు వైపు మొదటి మూడు సాళ్ళలో మచ్చలు కనపడ్డాయి. సరిగ్గా గట్టు వైపు నుంచే. అన్న, వదిన ఇద్దరూ మచ్చలున్న ఆకుల్ని గిల్లి బకెట్లో వేయడం మొదలుపెట్టారు. ఇల్లు కాలుతుంటే చెంబుతో నీళ్ళు చల్లినట్టుంది. కాగితాలాయన భార్య, మొగుడితో ఒక మాట కూడా చెప్పకుండా, బకెట్టు తీసుకుని గట్టు దాటి వెళ్ళి వాళ్ళతో వంగింది.

ఆయన ఇవతలే ఉండిపోయాడు. వెళ్ళాలని కాలు లేచింది. కానీ తన చేతులకి ఆ నాలుగు సాళ్ళ తడి అంటి ఉందనీ, తెగులు ఇంకా మోసుకెళ్తాననీ తనకి తనే చెప్పుకున్నాడు. నిజానికి అది మంచి కారణమే. మంచి కారణాలు ఆయనకెప్పుడూ తక్కువ కాలేదు.

ఐదో రోజు ముసురు విడిచి ఎండ కాసింది. మబ్బు చీకట్లో తెగులు ఎంత దూరం పాకిందో వెలుతురులో చూస్తే తెలిసింది. గట్టుకి అవతల ఎకరం నల్లగా మాడిపోయి, కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి. గట్టుకి ఇవతల నాలుగు సాళ్ళు నలుపు. ఐదో సాలు నుంచి చివరిదాకా పచ్చగా, కళ్ళు చెదిరేటంత పచ్చగా ఉంది. అక్కడక్కడా ఒక మచ్చ పడినా అక్కడే ఎండి ఆగిపోయింది. బస్సులో ముందెక్కినవాళ్ళు సీట్లు వదల్లేదు.

అన్న కొడవలితో కాడలు కోస్తున్నాడు. ఆకు నుంచి జబ్బు దుంపకి దిగకుండా కాడలు కోసేస్తే, కనీసం తిండి దుంపకైనా మిగులుతుందని. కాగితాలాయన ఇంక ఆగలేక గట్టెక్కాడు. అన్న నడుం నిలబెట్టి, కొడవలి నుదుటికి అడ్డం పెట్టుకుని, తమ్ముడి పొలం మొత్తం ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాడు.

"నీ చేను బాగుందిరా," అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉందేమోనని ఆయన ఎంతో వెతుక్కున్నాడు. లేదు.

శనివారం కొలబద్ద వచ్చాడు. చెక్క నేలకి ఆనించి, పచ్చ సాళ్ళకీ నల్ల సాళ్ళకీ మధ్య నిలబడి, ఫొటో మీద ఫొటో తీశాడు. ఆకులు లెక్కపెట్టాడు, మచ్చలు లెక్కపెట్టాడు. మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది. "ఇంత స్పష్టంగా తేడా ఎక్కడా రాలేదండీ. షెడ్డు ఖాయం," అన్నాడు. తర్వాత గట్టు అవతలికి చూసి, "అయ్యో, వాళ్ళది పోయినట్టుందే. ఏ మందు కొట్టారో?" అన్నాడు.

"ఆ కాగితం ఓసారి ఇస్తారా, పూర్తయినట్టు సంతకం పెట్టాలి," అన్నాడు ఇంటికొచ్చాక.

కాగితాలాయన తడిగుడ్డ తెచ్చి గోడ మీద అద్దాడు. చాకు మొన దూర్చి, మూలల్నుంచి మెల్లగా లేపాడు. పొరలు పొరలుగా సున్నం కూడా లేచొచ్చింది. చిరగకుండా తీయడానికి చాలాసేపు పట్టింది. తీసి అరచేతిలో తిరగేసి, వెనక అంటుకున్న సున్నం బొటనవేలితో రుద్దాడు.

సున్నం కింద అక్షరాలున్నాయి.

ఇంకాస్త రుద్దాడు. కొన్ని పిండికి అంటి పోయాయి, కొన్ని మిగిలాయి. వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. "తొమ్మిది. పొరుగు పొలంలో బంగాళాదుంప లేక టమాటా ఉన్న యెడల, సాక్షి సాళ్ళలో తెగులు కనిపించిన రోజునే ఫొటో తీసి, ఆ సాళ్ళను పీకి పూడ్చివేయవలెను. ఇందుకు రైతుపై ఎట్టి బాధ్యతా ఉండదు."

రెండుసార్లు చదివాడు. రెండోసారి పైకే చదివాడు. పొయ్యి దగ్గర భార్య చేతిలో గరిటె ఆగింది.

"ఇది వెనకుంది సార్."

"అవును. అందుకే కదా ఫోన్లో చెప్పాను, అంతా కాగితంలోనే ఉందని."

"వెనక ఉందని చెప్పలేదు."

"సంతకం పెట్టేటప్పుడు తిప్పి చూసే ఉంటారనుకున్నా..."

"మీరు వేలు పెట్టి చూపించిన చోట పెట్టాను సార్ నేను."

కొలబద్ద గోడ వైపు చూశాడు. కాగితం ఉన్న మేర సున్నం లేచి, నలుచదరంగా మట్టిగోడ కనపడుతోంది. చెక్కని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు. "ఆ రోజు ఆరు పొలాలు తిరగాల్సి వచ్చిందండీ," అన్నాడు, చాలా చిన్న గొంతుతో. అబద్ధం కాదు. ఎవరూ అబద్ధమాడలేదు ఈ వ్యవహారంలో.

కాగితాన్ని కొలబద్ద చేతికిచ్చి కాగితాలాయన అన్నాడు: "ఆ షెడ్డు తాళంచెవి మా వదినకివ్వండి సార్."

"ఆవిడకి చదవడం వచ్చా?"

"రాదు. అందుకే అడిగి తెలుసుకుంటుంది."

ఆ సాయంత్రం ఐసుగడ్డ మనుషులు బావి చెక్క కొలవడానికి గొలుసు తెచ్చారు. అన్న గట్టు మీద గొంతుక్కూర్చుని గడ్డి పీకుతున్నాడు. కాగితాలాయన వెళ్ళి గొలుసు మీద కాలు వేసి తొక్కి పట్టాడు.

"బావి జోలికి రావద్దు. అంతే కొలత నా పల్లపు గట్టు వార తీసుకోండి. తెగులుకి కూడా పంట నిలిచిన నేల."

"పైత్యమా నీకు?" అన్నాడు అన్న లేచి. "పోయింది నా పంట. నీ నేలెందుకివ్వడం?"

చెప్పాలంటే తొమ్మిదో షరతు చెప్పాలి. మైదాపిండి సంగతి చెప్పాలి. పెదవి దాకా వచ్చింది.

"బావి పోతే నాకూ నీళ్ళుండవు కదన్నా," అన్నాడు.

అన్న నమ్మాడు. కాదు, నమ్మినట్టు తల తిప్పుకున్నాడు. ఐసుగడ్డ మనిషి నేల ఏదైతేనేం అన్నట్టు గొలుసు లాక్కుని పల్లపు వైపు నడిచాడు.

ఇప్పుడు షెడ్డులో వదిన సీసాలు నింపుతోంది. చుట్టుపక్కల బంగాళాదుంప చేలన్నిటికీ అక్కణ్ణుంచే మందు పోతుంది. ఎవరు వచ్చి తీసుకెళ్ళినా, కాగితం రెండు వైపులా చదివించి వినిపించాకే ఆమె సీసా చేతికిస్తుంది. అదెందుకో మరిది ఆమెకి చెప్పలేదు. ఆమె అడిగితే తోడికోడలు చెప్పి ఉండొచ్చు.

కాగితాలాయన మాత్రం కొలబద్దనే తిడతాడు. తిప్పి చూడమని ఒక్క మాట అనలేదంటాడు, ఆ మాట నిజమే. కాగితాన్ని గోడకి అంటించిందెవరో మాత్రం చెప్పడు. ఎంత పోయిందని అడిగితే తడుముకోకుండా చెబుతాడు: పల్లపు గట్టు వార, నాలుగు సాక్షి సాళ్ళతో కలిపి, నలభై రెండు సెంట్లు.